తడి సాక్సులు

2022 నవంబరులో ఒక మంగళవారం రాత్రి మా అమ్మాయికి స్నానం చేయిద్దామని సాక్సులు లాగబోతే అవి పాదాలకు అతుక్కుపోయి రాలేదు. మెల్లగా ఒలిచినట్టు తీసి చూశాను. పాదాలు రెండూ బట్టలుతికిన చేతుల్లా తెల్లగా ముడతలు పడి, ముట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఎప్పుడు తడిశాయే ఇవి?"

"క్లబ్‌లో. బయట ఆడుకునేటప్పుడు గుంటలో కాలు పెట్టాను."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను. ఇన్ ఎ మినిట్ అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఇన్ ఎ మినిట్ అన్నారు. ఇంక చెప్పలేదు."

దానికి అప్పుడు ఐదున్నరేళ్లు, బడి వదిలాక నేను వెళ్లేదాకా క్లబ్‌లో ఉండేది. మేముండే ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో నవంబరు నెల మధ్యకొచ్చేసరికి నాలుగూ పదికే పొద్దు కుంకుతుంది. పిల్లల్ని బయట ఆడించేది ఆలోపే. అంటే నాలుగింటి నుంచి నేను వెళ్లిన ఐదూ యాభై దాకా, దగ్గర దగ్గర రెండు గంటలు, నా కూతురు తడి సాక్సులతో కూర్చుంది. నేను వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ట్యాబ్లెట్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు నవ్వుతూ "ఆల్ గుడ్ టుడే!" అన్నాడు కూడా. అబద్ధం చెప్పాడని నేను అనను. అతనికి తెలిసినంతవరకు ఆ రోజు అంతా బాగానే ఉంది.

ఆ రాత్రే కోపంతో ఒక పెద్ద ఈమెయిల్ రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది: మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు, సిబ్బందితో మాట్లాడతాం అని. అంతే. మర్నాటి నుంచి బ్యాగులో ఒక జత సాక్సులు అదనంగా పెట్టడం మొదలుపెట్టాను. కానీ సాక్సులు బ్యాగులో ఉంటే ఏం లాభం? ఒకరు చూడాలి కదా.

దీన్ని సాక్సుల గొడవ అని మావారు కొట్టిపారేశారు. నేను మాత్రం మూడేళ్లుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు ఆ క్లబ్‌లో ఒక్క నియమం కూడా తప్పలేదు.

ఇక్కడి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూలు అంటే నాలుగేళ్ల రిసెప్షన్ క్లాసు నుంచి పదకొండేళ్ల ఇయర్ సిక్స్ దాకా. బడి మధ్యాహ్నం మూడూ పావు, మూడున్నరకల్లా వదిలేస్తారు. ఆఫీసులు ఐదున్నరకు గానీ వదలవు. ఆ మధ్య రెండు మూడు గంటలు పిల్లల్ని చూసుకునేదే ఆఫ్టర్ స్కూల్ క్లబ్. చాలాచోట్ల బడి హాల్లోనే, మధ్యాహ్నం భోజనాలు పెట్టిన చోటే నడుస్తుంది. కొన్ని బడివాళ్లే నడుపుతారు, కొన్ని బయటి కంపెనీలు, ఇంకొన్ని తల్లిదండ్రుల కమిటీలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని రోజుకు రెండు గంటలకు మించి చూసుకునే బయటి సంస్థ ఏదైనా మామూలుగా ఆఫ్‌స్టెడ్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఆఫ్‌స్టెడ్ అంటే బడులనూ పిల్లల సంరక్షణ కేంద్రాలనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ, 1992లో పెట్టారు.

నేను మా అమ్మాయిని చేర్చేముందు ఆ క్లబ్ రిపోర్టు శ్రద్ధగా చదివాను. బడులకైతే అప్పట్లో అవుట్‌స్టాండింగ్, గుడ్ అంటూ గ్రేడులిచ్చేవాళ్లు. బడి అయ్యాక మాత్రమే పిల్లల్ని చూసుకునే క్లబ్బులకు గ్రేడు ఉండదు. "మెట్" లేదా "నాట్ మెట్", రెండే మాటలు. ఉండాల్సినవి ఉన్నాయి, లేదా లేవు. మా క్లబ్‌కు మెట్ అని ఉంది. సిబ్బంది అందరికీ పోలీసు రికార్డు చూసే డీబీఎస్ చెక్ అయింది. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లున్నారు. పిల్లల భద్రతకు బాధ్యురాలని ఒకరి పేరు రాసి ఉంది. అలర్జీల జాబితా వంటగది గోడ మీద పిల్లల ఫోటోలతో సహా అంటించి ఉంది. గేటు తాళం, పికప్ పాస్‌వర్డ్, దెబ్బ తగిలితే రాసే ఫారం, అన్నీ ఉన్నాయి. తలకు చిన్న బొప్పి కట్టినా అంగీకి స్టిక్కర్ అంటించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని గానీ పంపరు. ఇవన్నీ నిజంగా మంచివే. ఇలాంటి ఏర్పాట్లు లేని చోట పెరిగినదాన్ని కాబట్టి వీటి విలువ నాకు తెలుసు.

కానీ తడి సాక్సులకు ఫారం లేదు. దెబ్బ కాదు, అలర్జీ కాదు, పిల్ల తప్పిపోలేదు. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే ఒక పిల్ల రెండు గంటలు చలికి వణకొచ్చని ఆ రోజు తెలిసింది. భద్రంగా ఉంచడం, బాగా చూసుకోవడం ఒకటే అనుకుని మనం డబ్బు కడుతున్నాం. నా పేచీ అక్కడే.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దవాళ్లు ఉండాలి? నర్సరీలకైతే వయసును బట్టి గట్టి లెక్కలున్నాయి. బడి అయ్యాక చూసుకునే చోట రిసెప్షన్ పిల్లలకు కూడా రూలు ఇంతే: ముప్పై మంది ఉన్న తరగతికి ఎంతమంది సరిపోతారో అంతమంది ఉండాలి, ఎంతమంది కావాలో క్లబ్బే తేల్చుకోవాలి. ఒకప్పుడు ఎనిమిది మందికి ఒకరు అనే లెక్క ఉండేది, 2014లో సడలించారు. పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌ఎస్‌పీసీసీ మాత్రం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఎనిమిది మందికి ఒకరు ఉంటే మంచిదని సలహా ఇస్తుంది. సలహాయే, చట్టం కాదు. క్లాసురూములో ముప్పై మందికి ఒక టీచరు సరిపోతుందంటే, అక్కడ పిల్లలంతా ఒకచోట కూర్చుని ఒకే పని చేస్తుంటారు. క్లబ్‌లో ఒకడు ఫుట్‌బాల్, ఒకతె పూసలు, ఇద్దరు పోకెమాన్ కార్డుల దగ్గర కొట్లాట, ఒకడు బాత్రూములో, ఒకతె మూల కూర్చుని అమ్మ కోసం ఎదురుచూపు. తరగతి లెక్క తెచ్చి దీనికి ఎలా అతికించారో నాకిప్పటికీ అర్థం కాదు.

"ఇంట్లో నేనుంటే ఈ బాధ ఉండేదా" అంది మా అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్‌లో. ఆ మాటకు నాలో సగం తలూపింది. మర్నాడు రైల్లో ఏడుపు కూడా వచ్చింది. తర్వాతి వేసవిలో అమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలుండటానికి వచ్చింది, క్లబ్ మాన్పించాం. నిజం చెప్పాలి కదా, మొదటి నెల స్వర్గం. వేడివేడి అట్లు, నూనె పెట్టి జడ, సాయంత్రం నేనొచ్చేసరికి నిద్ర కళ్లతో ఒళ్లో పిల్ల. మూడో నెలకొచ్చేసరికి అమ్మకు మోకాళ్ల నొప్పులు, పిల్లకు యూట్యూబ్. ఇంగ్లీషు పిల్లల గోల వినపడక మా అమ్మాయికి తోచేది కాదు, తెలుగు మాటలు వినపడక మా అమ్మకు తోచేది కాదు. "క్లబ్‌కి ఎప్పుడు పంపిస్తావు?" అని పిల్లే అడిగింది. అయినా ఆ ఆరు నెలల్లో దాని సాక్సులు ఒక్కరోజు కూడా తడిగా లేవు. అమ్మమ్మకు టీవీ చూస్తూ కూడా పిల్ల కాళ్లు కనపడతాయి. ఆ చూపుకు ఏ సర్టిఫికెట్ ఇస్తారో, దాన్ని జీతానికి పెట్టుకోవడం ఎలాగో అన్నదే నా సమస్య.

మా చెల్లెలిది హైదరాబాదులో ఇంకో కథ. కొండాపూర్‌లో వాళ్ల అబ్బాయిని స్కూల్ వ్యాను నేరుగా ఒక డే కేర్ దగ్గర దింపుతుంది. డే కేర్ అంటే ఒక మూడు గదుల ఫ్లాటు, ఇద్దరు ఆయాలు, ఒక మేడమ్. వాడికి ఏడేళ్లు. యాభై మంది, అంతకుమించి పనిచేసే ఆఫీసులు చిన్నపిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు గానీ, ఆ తర్వాత కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఆరేళ్ల లోపు పిల్లల వరకే చూసుకున్నాయి. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఏమవుతాడన్నది ఇంటివాళ్లు పడాల్సిన తిప్పలు. అయితే అక్కడ ఇక్కడ లేనిది ఒకటుంది: సీసీటీవీ యాప్. మా చెల్లి ఆఫీసు మీటింగులో కూర్చుని ఫోన్లో కొడుకుని చూసుకుంటుంది. "చూడు, ఆడుకుంటున్నాడు" అని ఒకసారి నాకు స్క్రీన్‌షాట్ పంపింది. పై నుంచి తీసిన బొమ్మలో ఒక నల్లటి తల, ఒక నీలం చొక్కా. వాడు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అందులో తెలియదు. నాకు ఆఫ్‌స్టెడ్ రిపోర్టులో మెట్ అన్న మాట ఎలాగో, మా చెల్లికి ఆ యాప్ అలాగ. ఇద్దరికీ టెన్షన్ కాస్త తగ్గుతుంది, అంతకుమించి ఏం లేదు.

మనవాళ్లు కేర్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. రెడింగ్‌లో రెండు గ్రామర్ స్కూళ్లున్నాయి, మగపిల్లలకు రెడింగ్ స్కూల్, ఆడపిల్లలకు కెండ్రిక్. వాటికి ఎలెవెన్ ప్లస్ పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో బియ్యం బస్తా ధర తర్వాత ఎక్కువగా నలిగేది ఆ పరీక్షే. అందుకని క్లబ్ మంచిదా కాదా అని అడిగితే "హోంవర్క్ చేయిస్తారా? మ్యాథ్స్ ఏమైనా చెప్తారా?" అనే ప్రశ్న ముందొస్తుంది. నేనూ అడిగినదాన్నే. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. పొద్దున్న తొమ్మిదింటి నుంచి కూర్చో, లే, వరసలో నిలబడు, చెయ్యెత్తు అని ఆరు గంటలు చెప్పించుకున్న పిల్లకు మళ్ళీ మూడున్నరకు వర్క్‌షీట్ ఇవ్వడం కేర్ ఎందుకవుతుంది? ఈ దేశంలో ప్లేవర్క్ అని ఒక వృత్తే ఉంది. దానికి 2005లో రాసుకున్న సూత్రాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, ఆట పిల్లలు తామే ఎంచుకుని, తామే నడిపించుకుని, తమ సరదా కోసం ఆడుకునేది. పెద్దవాళ్లు దానికి చోటు కల్పించాలి, పగ్గాలు పట్టుకోకూడదు. చదివినప్పుడు మా తెనాలి వీధిలో సాయంత్రాలు గుర్తొచ్చాయి. మాకు ప్లేవర్కర్ లేదు గానీ అరుగు మీద కూర్చున్న నలుగురు పెద్దవాళ్లు ఉండేవాళ్లు. ఆటలో తలదూర్చేవాళ్లు కాదు. మోకాలు చీరుకుంటే మాత్రం మా అమ్మకంటే ముందు వాళ్లకే తెలిసేది.

2024లో నా టెస్టింగ్ కాంట్రాక్టు అయిపోయింది. ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నాను. డిపెండెంట్ వీసా మీద ఉన్న నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో మధ్యాహ్న భోజనాల డ్యూటీలు, క్లబ్ షిఫ్టులు చాలామంది చేస్తున్నారు. పిల్లల బడి వేళల్లో సరిపోతుందని. అలా సెప్టెంబరులో నేనూ వేరే బడిలో ఒక క్లబ్‌లో చేరాను. అప్పటిదాకా గుమ్మం బయట నిలబడి చూసినదాన్ని, ఇప్పుడు లోపలి నుంచి చూడటం మొదలైంది.

లోపలికి వెళ్తే మొట్టమొదట తెలిసేది, మూడింటికి షిఫ్టు మొదలు, మూడూ పావుకు పిల్లలు. ఆ పదిహేను నిమిషాల్లో హాల్లో చక్రాల బల్లలు విప్పాలి, బొమ్మల పెట్టెలు స్టోర్‌లోంచి లాక్కురావాలి, బ్రెడ్ టోస్టర్‌లో పెట్టాలి, రిజిస్టర్ ప్రింట్ తీయాలి, ఎవరు రావట్లేదో బడి ఆఫీసులో అడిగి రావాలి. పొద్దున్న నుంచి ఫలానా పిల్లకు ఎలా ఉంది, జ్వరమా, అమ్మ ఊరెళ్లిందా, స్నేహితురాలితో గొడవా, ఇవి టీచర్‌ను అడిగే టైము ఆ పదిహేను నిమిషాల్లో ఎక్కడా లేదు. మాకు మంగళ, బుధ, గురువారాల్లో ఇరవై ఎనిమిది మంది పిల్లలు. మేము ముగ్గురం. కాగితం మీద ముగ్గురం. ఒకరు వంటగదిలో టోస్ట్‌కు వెన్న రాస్తుంటారు. ఒకరు నాలుగున్నర నుంచి గుమ్మం దగ్గర పాస్‌వర్డులు అడిగి పిల్లల్ని అప్పగిస్తుంటారు. ఇక హాల్లో మిగిలేది ఒక్కరు. ఇరవై ఎనిమిది మందికి రెండు కళ్లు. "ఇన్ ఎ మినిట్" అన్న మాట ఎక్కడ పుట్టిందో మొదటి వారంలోనే తెలిసింది. రెండో వారంలో నా నోట్లోంచి కూడా వచ్చింది.

మాలో ఒక పెద్దావిడ ఉండేది. ఈ ఊరి మనిషే, అరవై దగ్గర వయసు, పదకొండేళ్లుగా అక్కడే పని. కంప్యూటర్ అంటే గిట్టదు, ఫారాల్లో స్పెల్లింగ్ తప్పులు. మేనేజరుకు ఆమెతో తలనొప్పి. కానీ పిల్లలు హాల్లోకి వస్తున్నప్పుడు ఆమె తలుపు పక్కన కోట్లు తగిలించే కొక్కేల దగ్గర నిలబడేది. కోటు అందుకుంటూ ఒక చెయ్యి పిల్ల భుజం మీద, కళ్లు పై నుంచి కింద దాకా. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఎవరికి ఆకలి ఎక్కువగా ఉందో, ఎవరు ఏడ్చారో, ఎవరి బూట్లు కుడి ఎడమలు మారాయో ఆమెకు తెలిసిపోయేది. "వాడికి ఇవాళ రెండు టోస్టులు" అని నాతో అనేది, ఎందుకో చెప్పేది కాదు. క్లబ్‌కొచ్చే హైదరాబాదు వాళ్ల అబ్బాయి ఒకడు జెలటిన్ (జంతువుల నుంచి తీసే పదార్థం) ఉన్న మిఠాయి తినడని ఫారంలో ఎక్కడో మూలన ఉంది. నాకే గుర్తుండేది కాదు, ఆమెకు గుర్తుండేది. వాడి కోసం సంచిలో విడిగా బిస్కెట్లు తెచ్చేది, సొంత డబ్బుతో. ఒకసారి ఒక పిల్ల సాక్సులు తడిస్తే ఆమె ఏ మాటా లేకుండా పోగొట్టుకున్న వస్తువుల పెట్టెలోంచి ఒక జత తీసి, రేడియేటర్ మీద కాసేపు ఉంచి వెచ్చబెట్టి తొడిగింది. నేను పక్కకెళ్లి కళ్లు తుడుచుకున్నాను. ఎందుకో ఆమెకు తెలియదు.

ఆమె 2025 ఈస్టర్ సెలవుల తర్వాత రాలేదు. సూపర్‌మార్కెట్‌లో చేరింది.

ఆమె ఎందుకు వెళ్లిందో లెక్క వేస్తే నాకే వెళ్లాలనిపించింది. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. అప్పుడు మాకిచ్చింది దాదాపు అంతే. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు, బడి ఉండేది ఏడాదికి 38 వారాలు. మొత్తం 570 గంటలు, సెలవు జీతం కాక ఏడాదికి ఏడు వేల పౌండ్ల లోపు. దాని మీద ఎవరూ బతకలేరు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు అంటే రోజు నట్టనడిమిన పడుతుంది, ఇంకో ఉద్యోగం దాని చుట్టూ పెట్టుకోవడం కష్టం. కాబట్టి ఈ పనికి వచ్చేది కాలేజీ పిల్లలు, వీసాల మీద ఉన్న మాలాంటివాళ్లు, ఇంకేదైనా దొరికేదాకా ఆగేవాళ్లు. వచ్చిన మనిషికి పిల్లల పేర్లు వచ్చేసరికి మనిషే మారిపోతుంది. నేను చేరిన ఏడాదిలో నాతో పనిచేసిన వాళ్లు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందికీ డీబీఎస్ ఉంది. రిజిస్టర్ ఒక్కరోజు తప్పలేదు. తనిఖీకి వస్తే మెట్ అనే ఇస్తారు.

మరి తల్లిదండ్రులు కట్టే డబ్బంతా ఎక్కడికి పోతోంది? తల్లిగా నాకు అదే అనుమానం ఉండేది. మేము రోజుకు 16 పౌండ్లు కట్టేవాళ్లం. పని చేసే తల్లిదండ్రులకు ప్రభుత్వం టాక్స్ ఫ్రీ చైల్డ్ కేర్ కింద మనం 8 పౌండ్లు వేస్తే 2 పౌండ్లు కలుపుతుంది, ఏడాదికి ఒక్కో బిడ్డకు 2,000 పౌండ్ల దాకా. మాలాగ వీసా మీద "నో పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం అందదు) అని ముద్ర ఉన్న దంపతులకు ఆ రెండు పౌండ్లు కూడా రావు. పన్ను మాత్రం అందరితో సమానంగా కడతాం, అది వేరే వ్యాసం. మా మేనేజరు ఒకరోజు కాగితం మీద గీసి చూపించింది: హాలుకు బడికి కట్టే అద్దె, ఇన్సూరెన్స్, తిండి, బుకింగ్ సాఫ్ట్‌వేర్, తన జీతం, అన్నిటికంటే పెద్ద దెబ్బ శుక్రవారం. వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక శుక్రవారం సగం మంది పిల్లలు రారు, అద్దె మాత్రం సగం కాదు. ఆమె దొంగ కాదు. ఆమె కూడా చాలీచాలని డబ్బుతో కిందా మీదా పడుతోంది.

2023 మార్చి బడ్జెట్‌లో ఇంగ్లండ్ ప్రైమరీ పిల్లల కోసం పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా సంరక్షణ దొరికేలా చేస్తామని 289 మిలియన్ పౌండ్లు ప్రకటించారు. మంచిదే, చోటు దొరక్క ఏడ్చే తల్లులు ఎందరో నాకు తెలుసు. కానీ దాని గురించి నేను చదివిన ప్రతిచోటా లెక్క సీట్లదే. ఎన్ని కొత్త చోట్లు, ఎన్ని బడులు, ఎన్ని గంటలు. ఆ చోట్లలో ఎవరు నిలబడతారు, వాళ్లు వచ్చే ఏడాది కూడా ఉంటారా అన్నది పత్రికల్లో నేను చూడలేదు.

ఐదు దాటాక క్లబ్ ఎలా ఉంటుందో తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. నాలుగున్నరకు వచ్చినవాళ్లకు రంగులు, జిగురు, నవ్వులు కనపడతాయి. ఐదుంపావు నుంచి మేము సర్దడం మొదలుపెడతాం. ఎందుకంటే ఆరింటికి జీతం ఆగిపోతుంది, ఆరింటికే హాలు తాళం వేయాలి. పూసలు పెట్టెలోకి, బల్లలు మడత, నేల ఊడుపు. మిగిలిన ఆరేడుగురు పిల్లల్ని ఒక చాప మీద కూర్చోబెట్టి టీవీ పెడతాం. వాళ్ల కాళ్ల చుట్టూనే చీపురు తిరుగుతుంది. ఆ ఆరేడుగురు ఎప్పుడూ వాళ్లే. లండన్ రైలెక్కి వచ్చేవాళ్ల పిల్లలు, ఆసుపత్రిలో షిఫ్టులు చేసే నర్సుల పిల్లలు, కారు లేనివాళ్ల పిల్లలు. చెప్పొద్దూ, సగానికి పైగా మన రంగు పిల్లలే. ప్రతి తలుపు చప్పుడుకూ ఆరు తలలూ ఒక్కసారి తిరుగుతాయి, ఒక తల లేస్తుంది, ఐదు మళ్ళీ టీవీ వైపు. మా అమ్మాయి రెండేళ్లు ఆ చాప మీద కూర్చుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అందుకే ఎవరైనా క్లబ్ ఎలా చూసి ఎంచుకోవాలని గ్రూపులో అడిగితే, ఐదూ ఇరవైకి చెప్పకుండా వెళ్లి చూడమంటాను. బ్రోచర్ ఫోటోలు నాలుగింటికి తీస్తారు. ఇంకోటి, "పాప ఎలా ఉంది?" అని అడగొద్దు. దానికి ఫైన్ తప్ప జవాబు రాదు. "ఇవాళ ఎవరితో ఆడుకుంది?" అని అడగండి. చెప్పగలిగితే చెప్తారు. చెప్పలేకపోతే తడబడతారు, ఆ తడబాటులోనే మీకు కావలసింది తెలుస్తుంది. క్రితం సెప్టెంబరులో ఉన్నవాళ్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మేనేజరునే అడగండి. పాలసీ ఫైలు చూపించమంటే సంతోషంగా చూపిస్తారు. ఈ ప్రశ్నకే మొహం మారుతుంది.

మేనేజరుతో నేను పోట్లాడి సాధించింది ఒక్కటే. షిఫ్టు మూడింటికి కాకుండా రెండూ నలభై ఐదుకు మొదలు, జీతంతో సహా. పదిహేను నిమిషాలు. ముగ్గురికి కలిపి రోజుకు పది పౌండ్లు కూడా కాదు. ఆ టైములో ఒకరు వెళ్లి రిసెప్షన్, ఇయర్ వన్ టీచర్లను పిల్లల గురించి అడిగి రావాలని నా ఆలోచన. రెండు టర్ములు బాగా జరిగింది. తర్వాత ఒకరు మానేసి, వాళ్ల స్థానంలో రోజుకొక ఏజెన్సీ మనిషి రావడం మొదలయ్యాక, ఆ పదిహేను నిమిషాలూ కొత్తవాళ్లకు బాత్రూములు ఎక్కడున్నాయో చూపించడానికే సరిపోతున్నాయి.

ఇక నాకు సిగ్గనిపించే సంగతి. మొన్న అక్టోబరులో రిసెప్షన్ పిల్లవాడొకడు, నాలుగేళ్లవాడు, బడిలో చేరి ఐదు వారాలు, మూల ఉన్న బీన్ బ్యాగ్ మీద గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. బుద్ధిమంతుడు అనుకున్నాను. వాడికి రెండు గజాల దూరంలో నిలబడి స్నాక్ జాబితాలో టిక్కులు పెడుతున్నాను. వాళ్ల నాన్న వచ్చి ఎత్తుకున్నాక తెలిసింది, పిల్లవాడు ప్యాంటు తడుపుకుని, చెప్పడానికి సిగ్గుపడి కూర్చుండిపోయాడని. ఆయన నన్నొక్క మాట అనలేదు. కోటు విప్పి పిల్లవాడి నడుముకు చుట్టి తీసుకెళ్లాడు.

పెద్దావిడ ఉండుంటే కొక్కేల దగ్గరే పట్టేసేది. నాకు పిల్లలున్నారు, నాకు ఇదే జరిగింది, దీని గురించి మూడేళ్లు ఆలోచించాను, అయినా చూడలేదు. మంచితనం చాలదని, ప్రేమ కూడా చాలదని, ఖాళీగా ఉన్న రెండు కళ్లు కావాలని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆయన నుంచి ఈమెయిల్ వచ్చింది. మేనేజరు సెలవులో ఉండి, జవాబు నన్ను రాయమంది. టెంప్లేట్ ఉంది: మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు, సిబ్బందితో మాట్లాడతాం. మూడేళ్ల కిందట నాకొచ్చిన మాటలే, అక్షరం మారలేదు. అది చెరిపేసి నా మాటల్లో రాశాను. గదిలో ఉన్నది నేనే, చూడాల్సింది, చూడలేదు, క్షమించండి అని. పంపేముందు మావారికి చూపిస్తే, ఇలా రాస్తే ఉద్యోగం పోతుందన్నారు. పోలేదు.

గంటలో ఆయన జవాబిచ్చారు. కోపం లేదు. ఒక్క ప్రశ్న: వచ్చే వారం మా వాడితో ఎవరుంటారు?

వచ్చే వారం ఎవరి డ్యూటీ ఎప్పుడో చెప్పే రోటా ఇంకా రాలేదు.